కార్డుకు తెల్లవైపు

అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి, ఒక్క పుల్లతో రెండుసార్లు పొయ్యి వెలిగించే మనిషిని నేను తెనాలిలో నా కళ్ళతో చూశాను.

చూడలేదు. ముప్పయ్యేళ్ళకు పైగా చూశానని చెబుతూ వచ్చాను, అంతే. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లో, ఎక్కడ నలుగురు చేరినా ఈ అగ్గిపుల్లతోనే మొదలుపెట్టేవాణ్ణి. నవ్వు గ్యారంటీ. అసలు జరిగిందేమిటంటే, ఆవిడ కాలిపోయిన పుల్లల్ని ఒక పాత పౌడరు డబ్బాలో దాచేది. ఒక కిరసనాయిలు స్టవ్వు మండుతుండగా రెండోది వెలిగించాలంటే కొత్త పుల్ల గీయకుండా, ఆ కాలిన పుల్లనే మంటకు అందించి రెండోదానికి అంటించేది. ఇది తెలివైన పని. తెలివైన పనికి ఎవరూ నవ్వరు. అందుకని బ్లేడు నేను చేర్చాను.

పోయిన నెల రేపల్లె నుంచి కబురు వచ్చింది, ఆవిడ పోయిందని. తొంభై నిండాయి. పొద్దున్నే గంజి తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. ఆ గ్లాసు సంగతి నేను కల్పించింది కాదు, ఆవిడ బావగారి మనవడు ఫోనులో చెప్పాడు. విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఆవిడ గురించి మావాళ్ళకు తెలిసినదంతా నేను చెప్పిందే. చిన్నా చితకా కల్పనలు పోనీ అనుకున్నా, అందులో ఒక పెద్ద అబద్ధముంది. ఆవిడ పిసినారితనం వల్ల మా చెల్లెలి సంబంధం తప్పిపోబోయిందన్నదే ఆ అబద్ధం. మొన్నమొన్నటిదాకా మా చెల్లెలు కూడా దాన్నే నమ్మింది. చెడగొట్టిన పేరును చెడగొట్టినవాడే బాగుచేయాలి. అయితే దానికి ముందు మనిషిని మీకు చూపించాలి.

ఎనభైల్లో మేము తెనాలిలో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకుండేవాళ్ళం. అమ్మ, నేను, చెల్లెలు. నాన్న లేడు. నాకు కాలవల ఆఫీసులో గుమాస్తా పని. రెండో వాటాలో ఆవిడ. మిషను బడిలో టీచరు, లూథరన్ క్రైస్తవురాలు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మా అమ్మ ఆవిడను ‘వదినగారూ’ అనేది, ఆవిడ మా అమ్మను ‘వదినగారూ’ అనేది. ఆ వరసన నాకు అత్తయ్య అయింది. టీచరత్తయ్య. మా రెండు వాటాలకూ మధ్య ఒక గోడ, ఉమ్మడిగా ఒక వసారా, ఒక చేతిపంపు.

పొట్టి మనిషి. గబగబా నడిచేది. చంకలో ఎప్పుడూ పాత గొడుగుగుడ్డతో కుట్టిన నల్లసంచి. వానొస్తే సంచి తడవదు, మనిషి తడుస్తుంది. ఏ వస్తువునైనా పారేసేముందు దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, “ఏమ్మా, నీ పని అయిపోయిందా?” అని అడిగేది. అరిగిన సబ్బుముక్కనైనా, తెగిన చెప్పునైనా, మా చెత్తబుట్టలో కనబడ్డ ఖాళీ మందుసీసానైనా సరే. అది అయిపోయిందని ఒప్పుకుంటేనే పారేయడం. నాకు తెలిసి ఏదీ ఒప్పుకోలేదు.

ముఖ్యంగా చీరలు. చీర చిరిగితే లంగా అయ్యేది. లంగా చిరిగితే కిటికీ తెర, తెర చివికితే దిండు గలీబు, గలీబు పోతే బొంతలో ఒక పొర, బొంత పోతే నేల తుడిచే గుడ్డ, ఆఖరికి స్టవ్వులో వత్తి.

“మీ మతంలో మళ్ళీ జన్మలు లేవంటారు కదండీ అత్తయ్యా, మీ చీరలకేంటండీ ఇన్ని జన్మలు?” అన్నాను ఒకరోజు.

“చీరలింకా బాప్తిస్మం పుచ్చుకోలేదులే అబ్బాయ్,” అంది, దారం పంటితో కొరుకుతూ.

ఆవిడ వంటగదిలో ఒక పెద్ద వెదురుబుట్ట నిండా ఊక ఉండేది. మా వైపు రైసుమిల్లులకు కొదవలేదు, ఊకకు అడిగేవాడు లేడు. అన్నం నాలుగు కుతకుతలు ఉడకగానే స్టవ్వు ఆర్పేసి, గిన్నెకు మూత బిగించి, పాతగుడ్డ చుట్టి, ఆ ఊకలో పూడ్చి, పైన బొంత కప్పేది. బడికి వెళ్ళి మధ్యాహ్నం వచ్చేసరికి అన్నం తనంతట తానే ఉడికి, మూత తీస్తే పొగలు కక్కుతుండేది. మనం ఆ గదిలోకి పోతే వేలు పెదవి మీద పెట్టి, “ష్, అన్నం పడుకుంది,” అనేది.

మా అమ్మ ఆ బుట్ట చూసిన రోజే ఆవిడ శిష్యురాలైపోయింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. ఒక్క ఆనపకాయతో ఏడు రోజులు ఏడు రకాలు తినిపించారని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఏడు కాదు, మూడు. కండ కూర, తొక్కు పచ్చడి, లోపలి గుజ్జు పులుసులోకి. మిగతా నాలుగూ నా నోటితో వండినవి. బీరకాయ తొక్కు, పుచ్చకాయ తొక్కలో తెల్లభాగం, బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, అన్నిటికీ మా ఇంట్లో ఉద్యోగాలు దొరికాయి. చాకలికి వేసే బట్టలు తప్ప మా ఇంటి గుమ్మం దాటి ఏదీ బయటికి పోవడం మానేసింది.

ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకు అలవాటు. వారం పొడుగునా వేసిన ఆ బియ్యాన్ని ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. “ఎసట్లో పిడికెడు తగ్గితే ఎవరికీ తెలియదు వదినగారూ, కుండలో పిడికెడు పెరిగితే అందరికీ తెలుస్తుంది,” అని ఆవిడ చెబితే, మా అమ్మ కూడా ఒక కుండ పెట్టింది. మా కుండ మా కోసమే. నెలాఖరున నేను ముఖం వేలాడేసుకుని వచ్చే రోజుల్లో ఆ కుండే మమ్మల్ని గట్టెక్కించేది.

కూరగాయల దగ్గర ఆవిడ బేరమాడేది కాదు. “నోటితో ఆడితే గొంతు నొప్పి. బేరం గడియారంతో ఆడాలి,” అనేది. సంగం జాగర్లమూడి నుంచి గంపలతో వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం బస్సుకు లేచే వేళ కనిపెట్టి, సరిగ్గా అప్పుడు మార్కెట్లో అటువైపు నడిచేది. ఏమీ అడిగేది కాదు. నడిచేది, అంతే. “టీచరమ్మా, ఈ దోసకాయలు పట్టుకుపోమ్మా, నీ పుణ్యముంటుంది, మళ్ళీ మోసుకుపోలేను,” అని వాళ్ళే పిలిచేవాళ్ళు. అప్పుడు కూడా ఊరికే తీసుకునేది కాదు. వాళ్ళు అడిగింది ఇచ్చేది. ఆ వేళకు వాళ్ళు అడిగేదే తక్కువ.

సాయంత్రాలు మా వసారాలో మా బల్బు కింద పీట వేసుకుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దేది. “మీ వెలుతురు సగం గోడకు తగిలి దండగైపోతోంది వదినగారూ, ఆ దండగలో కూర్చుంటాను,” అనేది. మా అమ్మ తన బల్బు ఇన్నాళ్ళకు సద్వినియోగమైందని మురిసిపోయేది.

ఇక కార్డులు. శుభలేఖలు, గృహప్రవేశాలు, క్రిస్మసు కార్డులు, ఎవరింటికి ఏది వచ్చినా మడత దగ్గర కోసి, తెల్లవైపు పైకి వచ్చేలా దొంతరగా పేర్చి, చిల్లు పొడిచి, దారం కట్టి వసారాలో మేకుకు తగిలించేది. ఆ తెల్లవైపు మీద ఎర్రసిరాతో పెద్దపెద్ద అక్షరాలు రాసి బడికి పట్టుకెళ్ళేది. తెనాలిలో ఎంతమంది పిల్లలు శుభలేఖల వెనక అ, ఆలు నేర్చుకున్నారో నాకు తెలియదు. వేలమంది అని చెబుతుంటాను. కవర్లయితే అతుకులు ఊడదీసి, లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ అంటించేది.

కానీ ఆవిడకు ఒక కట్టుబాటుంది. దీన్ని నేను ఏ సభలోనూ చెప్పలేదు, చెబితే నా కథ చెడుతుంది కాబట్టి. ఇంట్లో వాడుకునేది ఎంత పాతదైనా పరవాలేదు, గడప దాటి ఒకరింటికి వెళ్ళేది మాత్రం కొత్తది కావాలి. క్రిస్మసుకు మాకు పంపే పిండివంటలు కొత్త కాగితం పరిచిన పళ్ళెంలోనే వచ్చేవి. “మన పొదుపు మన నోటి దగ్గరే ఆగాలి. ఎదుటివాళ్ళ మర్యాదలో చెయ్యి పెట్టకూడదు,” అనేది.

ఇప్పుడు ఆ పెళ్ళి సంగతి.

బాపట్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. వ్యవసాయదారుల కుటుంబం. అబ్బాయి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు, “ఏమన్నా అడగరా,” అంటే, అతను గొంతు సవరించుకుని, “మీకు సైకిలు తొక్కడం వచ్చాండీ?” అన్నాడు. మా చెల్లెలు తల ఎత్తకుండానే, “రాదండి. మీకు వంట వచ్చాండీ?” అంది. గదిలో అందరూ గతుక్కుమన్నారు. ఆ డ్రిల్లు మాస్టారు ఒక్కడే పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో మా చెల్లెలి మనసు బాపట్ల వెళ్ళిపోయింది. మూడోరోజు వాళ్ళ దగ్గరనుంచి, పిల్ల నచ్చింది, మీకిష్టమైతే కబురు పంపండి, తాంబూలాలు పుచ్చుకుందాం అని ఉత్తరం వచ్చింది.

ఆ తర్వాతి కథ నేను లోకానికి ఇలా చెప్పాను. ఒప్పుకోలు ఉత్తరానికి కాగితం కొనడానికి వెళ్తుంటే టీచరత్తయ్య నా చొక్కా పట్టుకుని ఆపింది, “కొత్త కాగితం దండగ అబ్బాయ్, ఇదిగో తెల్లటి కార్డు,” అని చేతిలో పెట్టింది, వెనకవైపు ఏముందో చూసుకోనివ్వలేదు. ఇక్కడ కాసేపు ఆగి, అందరూ ఊపిరి బిగబట్టాక, వెనకవైపు సంగతి చెప్పేవాణ్ణి. ఒకసారి రైల్లో ఇది వింటూ ఒకాయన నవ్వీ నవ్వీ చుండూరులో దిగడం మరిచిపోయాడు. నిద్రపోయి కూడా ఉండవచ్చు.

జరిగింది ఇది. ఆ రోజు మంచిరోజు, కబురు ఆ రోజే వెళ్ళాలని అమ్మ పట్టుదల. మా ఆఫీసులో బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే గుమాస్తా ఒకడున్నాడు, సాయంత్రం బండికి అతని చేత పంపాలి. మంచి దళసరి కాగితం, కొత్త కవరు కొనమని పొద్దున్నే అమ్మ డబ్బులిచ్చింది. మధ్యాహ్నం ఆఫీసు ఎదురుగా హోటల్లో గారెలు వేస్తున్నారు. ఇంట్లో మూడు రోజులుగా ఆనపకాయ. ఇంతకంటే నేను చెప్పుకోవలసింది ఏమీ లేదు.

సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికి పరిగెత్తాను. ఎవరూ లేరు. వసారాలో మేకుకు కార్డుల దొంతర. దళసరిగా, నున్నగా, పాలమీగడలా ఉన్నదాన్ని ఒకదాన్ని లాగాను. నా గుండ్రటి దస్తూరీతో ‘శుభం’ అని మొదలుపెట్టి నాలుగు ముక్కలు రాశాను. అమ్మ పసుపుడబ్బాలో వేలు ముంచి నాలుగు మూలలా అద్దాను. ఆవిడ తిప్పి అంటించిన కవరొకటి తీసుకుని అందులో పెట్టాను. స్టేషనుకు పరుగు. కార్డు తిప్పి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పెళ్ళికొడుకు పెదనాన్నగారు దిగారు. కవరును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు పట్టుకున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడ్డారు.

“ఎవరు పోయారయ్యా మీ ఇంట్లో?”

“ఎవరూ పోలేదండి,” అన్నాను.

“మరి మేమెవరికోసం చేశామయ్యా స్నానాలు?” ఆయన గొంతు వీధి చివరిదాకా వినపడింది. “మా మరదలు కవరు విప్పింది. చుట్టూ నల్లంచు. ‘ప్రభువునందు నిద్రించిరి’ అని అచ్చు. కెవ్వున కేకేసింది. ఎవరో ఏంటో చూడకుండానే ముసలమ్మతో సహా ఇంటిల్లిపాదీ నూతి దగ్గర నెత్తిన నీళ్ళు గుమ్మరించుకున్నాం. పొయ్యి మీద కూర దించేశాం. తీరా మా అబ్బాయొచ్చి కార్డు తిప్పితే, వెనకాల శుభం! నాలుగు మూలలా పసుపు! ఏంటయ్యా మీ ఉద్దేశం? మావాడికి పెళ్ళి చేస్తారా, దినం చేస్తారా?”

ఇంట్లో తలుపు వెనక ఏదో గిన్నె కింద పడింది. మా చెల్లెలి చేతిలోది. అమ్మ ముఖం తెల్లబోయింది. మెల్లగా నా వైపు తిరిగి, “ఒరే, కొత్త కాగితం కొనలేదూ?” అంది.

సరిగ్గా అప్పుడు టీచరత్తయ్య నల్లసంచి చంకన పెట్టుకుని బడికి బయల్దేరి వసారాలోకి వచ్చింది. మునిగిపోయేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు నేను ఆవిణ్ణి పట్టుకున్నాను.

“ఈ కార్డు... మా పక్కింటి టీచరుగారు ఇచ్చారండి,” అన్నాను.

ఆవిడ ఆగింది. ఆయన చేతిలోంచి కార్డు అందుకుంది. అలవాటు ప్రకారం వెలుతురులోకి ఎత్తింది. అటు చూసింది, ఇటు తిప్పింది, పసుపు చూసింది, నా దస్తూరీ చూసింది. తర్వాత తల కొంచెం పక్కకు వంచి నన్ను చూసింది. నీ పని అయిపోయిందా అని అడుగుతుందనుకున్నాను.

“అవునండి అన్నయ్యగారూ, నేనే ఇచ్చానండి,” అంది. “మా పెద్దబావగారి జ్ఞాపకార్థ కూడిక కార్డండి ఇది. మాలో ఇలాంటివి దాచుకుంటామండి, చించెయ్యం. మీ పట్టింపు నాకు తట్టలేదు. అబ్బాయి తొందరలో ఉన్నాడు, తెల్లగా ఉంది కదా అని ఇచ్చేశాను. తప్పు నాదండి.”

“చదువు చెప్పే దానివి, ఇంత పిసినారితనమేంటమ్మా?”

“అలవాటైపోయిందండి.”

పెదనాన్నగారి కోపం సగం దిగింది. మిగతా సగం ఆయన చేతిలో లేదు. “మా మరదలు అపశకునం అంటోంది. ఈ సంబంధమే వద్దని కూర్చుంది. నేనేం చెయ్యను?” అని గొడుగు తీసుకున్నారు.

“ఆదివారం నేనొచ్చి ఆవిడతో మాట్లాడతానండి. అప్పటిదాకా వేరే కబురు పంపకండి,” అంది టీచరత్తయ్య.

ఆయన వెళ్ళాక మా చెల్లెలు బయటికి వచ్చింది. ఏడ్చిన కళ్ళు. “మీ పొదుపు పోయి పోయి నా పెళ్ళి మీద పడిందా అత్తయ్యా?” అంది. ఆవిడ ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. ఇద్దరమూ ఒకేలా ఊరుకున్నాం కానీ, రెండూ ఒకటి కాదు. ఆదివారం దాకా మా చెల్లెలు ఆవిడతో మాట్లాడలేదు. సాయంత్రాలు ఆవిడ మా బల్బు కిందికి రావడం మానేసింది.

ఆదివారం గుడి అవగానే బాపట్ల ప్యాసింజరు ఎక్కాం, ఆవిడా నేనూ. కూర్చోగానే నల్లసంచిలోంచి చిక్కుడుకాయలు తీసి సగం నా ఒళ్ళో పోసింది. “ఊరికే కూర్చున్న చేతులు దండగ. ఈనెలు తియ్యి.” కాసేపు ఇద్దరమూ ఈనెలు తీశాం. నిడుబ్రోలు దాటింది.

“కాగితం డబ్బులేం చేశావు?” అంది, చిక్కుడుకాయల మీదనుంచి చూపు ఎత్తకుండా.

“గారెలు తిన్నానండి.”

“ఎన్ని?”

“నాలుగండి.”

“బాగున్నాయా?”

“బాగున్నాయండి.”

“అయితే దండగ కాలేదులే,” అంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. “అలా ఎందుకు చెప్పారండి అత్తయ్యా? నేనని చెప్పొచ్చు కదండీ.”

“చెబితే ఏమవుద్ది? పిల్ల అన్నగారు తిండిపోతు, పైగా అబద్ధాలకోరని వాళ్ళకు తెలుస్తుంది. అది అత్తింట్లో బతికినంతకాలం ఆ మాట పడాలి. పక్కింటి ముసలిది పిసినారైతే ఎవరికి నష్టం? మసి తుడవడానికి పట్టుగుడ్డ తీస్తామా అబ్బాయ్? మాసిన గుడ్డే తీస్తాం. పిసినారన్న పేరు నాకు కొత్తా ఏంటి? నీ ఆఫీసంతా నువ్వే చెప్పావుగా, అగ్గిపుల్ల చీలుస్తానని.”

నేను చిక్కుడుకాయల్లో తల దూర్చాను.

బాపట్లలో పెళ్ళికొడుకు తల్లి మమ్మల్ని కూర్చోమంది కానీ మంచినీళ్ళు ఇవ్వలేదు. అంటే సంబంధం ఇంకా పూర్తిగా తెగలేదని, అతకనూ లేదని అర్థం. టీచరత్తయ్య క్షమాపణతో మొదలుపెట్టలేదు.

“ఇంటిల్లిపాదీ మా బావగారికోసం తలస్నానాలు చేశారటండీ వదినగారూ?”

“చెయ్యక? ఎవరో అనుకున్నాం.”

“మావాళ్ళలో ఆ ఆచారం లేదండి. సొంత తమ్ముళ్ళు కూడా చెయ్యలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికోసం నూతి దగ్గర నిలబడి, ముసలావిడతో సహా... మా తోడికోడలికి ఉత్తరం రాశానండి, మీరు చేసిన సంగతి. చదివి ఏడుస్తుంది.”

ఆ తల్లి కొంచెం సర్దుకుని కూర్చుంది. “ఎన్నేళ్ళాయనకు?”

“ఎనభై ఎనిమిదండి. రేపల్లెలో మోతుబరి. అరవై ఏళ్ళు ఒక్క భార్యతో కాపురం. ఒక్కనాడు ఆవిణ్ణి ‘ఏమే’ అనలేదండి. మనవలు, మునిమనవలు. పోయిన రోజు కూడా పెరుగన్నం తిని, బాగుందని చెప్పి, చెయ్యి కడుక్కుని పోయాడు.”

“పూర్ణాయుష్షు మనిషే,” అంది తల్లి, గోడవైపు చూస్తూ. లోపలినుంచి ముసలమ్మ గొంతు వినపడింది. “అరవై ఏళ్ళు ఏమే అనలేదా? అట్లాంటి మగాడి కార్డు మీద వచ్చిన సంబంధమేంటే అపశకునం? మీ మావగారి కార్డయితే అపశకునం గానీ!”

పక్కగదిలో డ్రిల్లు మాస్టారు మొదట దగ్గాడు. తర్వాత ఆపుకోలేక నవ్వాడు. తల్లి మంచినీళ్ళు తేవడానికి లేచింది.

అప్పుడు టీచరత్తయ్య నల్లసంచిలోంచి ఒక కొత్త కాగితం, ఒక కొత్త కవరు, ఒక చిన్న పొట్లంలో పసుపు తీసింది. కాగితం మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చింది. ఆవిడ సొంత డబ్బుతో కొన్న ఉత్తరాల కాగితం నేను చూడటం అదే మొదలు. “రాయి అబ్బాయ్, వీళ్ళ ముందే,” అంది. రాశాను. ఈసారి మొదట వెనకవైపు చూశాను.

పెళ్ళయింది. పెళ్ళిలో బాపట్లవాళ్ళు ఆవిణ్ణి ‘కార్డుల టీచరమ్మ’ అని పిలిచారు. వడ్డించేవాళ్ళు కూడా, “టీచరమ్మగారూ, ఇస్తరాకు తిప్పి చూసుకోండి,” అని ఆట పట్టించారు. ఆవిడ అందరితోపాటు నవ్వింది, నిజంగానే ఇస్తరాకు ఎత్తి చూసింది కూడా. అప్పగింతల ముందు మా చెల్లెలు ఆవిడ దగ్గరికి వెళ్ళి, “పోనీలే అత్తయ్యా, మనసులో పెట్టుకోకండి, నేనేం అనుకోవడం లేదు,” అంది. చేయని తప్పుకు దొరికిన క్షమ అది. “సంతోషం తల్లీ,” అని పుచ్చుకుంది.

తొంభైల్లో ఆవిడ రిటైరై రేపల్లె వెళ్ళిపోయింది. రెండు గదుల ఇల్లు వేసుకుంది. ఊకబుట్ట కూడా వెంట తీసుకెళ్ళింది. కొత్తింట్లో కృతజ్ఞత కూడికకు పిలిస్తే నేను, చెల్లెలు, బావ, వియ్యపురాలు అందరమూ వెళ్ళాం. భోజనాల దగ్గర మళ్ళీ కార్డు కథ వచ్చింది. నన్నే చెప్పమన్నారు. నాకు ఆ రోజు ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. పెరట్లో చేయి కడుక్కుంటుంటే ఆవిడ పక్కకు వచ్చింది. “అత్తయ్యా, ఇవాళ నిజం చెప్పేస్తానండి,” అన్నాను.

“నోరు మూసుకో. మీ వియ్యపురాలు పక్కనే ఉంది.”

“పదేళ్ళు దాటిందండి.”

“దాటనీ. ఇంకా గిరాకీ ఉన్నప్పుడు ఎవరైనా కొంటారా? నిజం కూడా కూరగాయలాంటిదే అబ్బాయ్, పొద్దుగూకేదాకా ఆగితే చవకవుతుంది,” అని, తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించింది. “అయినా వాళ్ళ నవ్వు చూడు. నయాపైసా ఖర్చు లేకుండా పాతికమంది కడుపు చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. నువ్వు వెళ్ళి దాన్ని పారేస్తావా?”

పారేయలేదు. లోపలికి వెళ్ళి చెప్పాను. ఆ రోజు ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగితే బొత్తాం ఊడిందని కొత్తగా కలిపాను. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

వియ్యపురాలు పోయి చాలా ఏళ్ళయింది. ముసలమ్మ అంతకుముందే పోయింది. అయినా నేను చెప్పలేదు. కథ బాగుంది కదా. మెచ్చుకునేవాళ్ళుండగా ఎవడు మానుకుంటాడు?

పోయినవారం రేపల్లెలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చెల్లెలు, బావ బాపట్ల నుంచి వచ్చారు. గుడి నిండా జనం. సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు. బావగారి మనవడు నా దగ్గరికి వచ్చి, “బాబాయిగారూ, నానమ్మ గురించి మీరు బాగా నవ్విస్తారటగా అండీ, రెండు ముక్కలు చెప్పండి,” అన్నాడు.

లేచి నిలబడ్డాను. కొందరి ముఖాల మీద నవ్వు అప్పటికే సిద్ధంగా ఉంది. ఎదురుగా రెండో బెంచీలో మా చెల్లెలు. అరవై దాటిన మనిషి. కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. బ్లేడు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“ఆ కార్డు ఆవిడ ఇవ్వలేదండి,” అన్నాను. “నేనే తీసుకున్నాను. కాగితం డబ్బులు పెట్టి గారెలు తిన్నాను. అడిగితే ఆవిడ ఇచ్చిందని అబద్ధం చెప్పాను. మా చెల్లెలికి మాట రాకూడదని ఆవిడ ఆ నింద నెత్తినేసుకుంది. ఇన్నేళ్ళూ నేను చెప్పింది అబద్ధం. ఆవిడ ఒకరింటికి పాతకాగితం ఎన్నడూ పంపలేదు.”

అంతే. ఏమీ కలపలేదు. అరగంట చెప్పే కథ అర నిమిషంలో అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. బావ తల వంచుకున్నాడు. నేను కూర్చోబోయాను.

మా చెల్లెలు లేచి నిలబడింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒకసారి వెనక్కి తిరిగి, తలుపు దాకా నిండిన బెంచీలన్నీ చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది.

“వెనక వాళ్ళకి వినపడలేదన్నయ్యా,” అంది. “మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు.”

మళ్ళీ చెప్పాను.